కోడు కంటే ముందు పేర్లు: పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

మేడ మీద ట్యాంకులో సెన్సరు పెట్టి, నీళ్లు అడుగంటగానే ఫోనుకి మెసేజీ వచ్చేలా చేద్దామనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషం వేసింది. ఒక్క మాట వినండి. కోడు మొదలుపెట్టే ముందు కాగితం తీసుకుని పేర్లు రాసుకోండి, అంటే ఏ ప్రోగ్రాం ఏ పేరుతో కబురు పంపుతుంది, ఏ ప్రోగ్రాం ఏ పేరు కోసం ఎదురు చూస్తుంది అన్నది. కోడు రేపైనా మార్చుకోవచ్చు గానీ, పది ప్రోగ్రాములు ఒక పేరును నమ్ముకుని కూర్చున్నాక ఆ పేరు మార్చాలంటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రోగ్రాముల మధ్య కబుర్లు నడపడానికి మీరు వాడబోయే పద్ధతి ఎమ్‌క్యూటీటీ కదా. ఊళ్లకు దూరంగా సాగే చమురు పైపులైన్లను శాటిలైట్ ద్వారా కనిపెట్టి ఉండడానికి 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని తయారు చేశారు. శాటిలైట్ లింకు ఖరీదైనది కాబట్టి బైటు బైటుకీ లెక్క చూసుకున్నారు. ఇందులో ప్రోగ్రాములకు ఒకదాని గురించి ఒకటి తెలియదు. మధ్యలో బ్రోకర్ ఉంటుంది, పంపేవాళ్లు మెసేజీకి ఒక టాపిక్ పేరు తగిలించి దాని చేతిలో పెడతారు, ఆ పేరు కావాలని ముందే చెప్పుకున్నవాళ్లందరికీ అది అందిస్తుంది. అంతే, పేరు తప్ప వాళ్ల మధ్య ఇంకే చుట్టరికమూ లేదు.

మీ ట్యాంకు పేరు ఇలా ఉండొచ్చు: ఇల్లు/మేడ/ట్యాంకు/మట్టం. స్లాష్‌కీ స్లాష్‌కీ మధ్య ఉన్నది ఒక లెవెల్. కవరు మీద చిరునామా రాసేటప్పుడు మనిషి పేరుతో మొదలుపెట్టి ఊరు, మండలం, జిల్లా అని పోతాం కదా, ఇక్కడ దానికి తలకిందులు, పెద్దది ముందు, చిన్నది వెనక. ఎందుకో, ఏ మాటకైనా సరిపోయే గుర్తులైన వైల్డ్‌కార్డ్‌ల దగ్గర తెలుస్తుంది. వినేవాళ్లు ఒక లెవెల్ స్థానంలో + పెడితే అక్కడ ఏ మాట ఉన్నా సరే అని అర్థం. ఇల్లు/+/ట్యాంకు/మట్టం అని అడిగితే మేడ మీది ట్యాంకూ వస్తుంది, పెరట్లో ట్యాంకూ వస్తుంది. # పెడితే అక్కడి నుంచి కింద ఎన్ని లెవెల్స్ ఉన్నా అన్నీ వస్తాయి, కానీ అది చివర మాత్రమే ఉండాలి. ఇల్లు/మేడ/# అంటే మేడకు సంబంధించినవన్నీ, ఇల్లు/మేడ అనే పేరుతో వచ్చేదీ కలిపి. మీరు గనక చిన్నదాన్ని ముందు పెట్టి మట్టం/ట్యాంకు/మేడ/ఇల్లు అని రాసుకున్నారనుకోండి, మేడకు సంబంధించినవన్నీ ఒకేసారి అడగడానికి # పనికిరాదు.

+ గుర్తు లెవెల్ మొత్తాన్నీ ఆక్రమించాలి, ట్యాంకు+ అని సగం మాటకు అతికిస్తే చెల్లదు. పంపేవాళ్లు ఈ గుర్తులు వాడకూడదు, వినేవాళ్లకే ఆ హక్కు. డాలర్ గుర్తుతో మొదలయ్యే పేర్లను బ్రోకర్ సొంత కబుర్లకు వాడుకుంటుంది, వట్టి # అడిగినా అవి రావు.

సంగీతం వాళ్లు వాడే ఓపెన్ సౌండ్ కంట్రోల్‌లో ఈ గుర్తుల హక్కు సరిగ్గా తిరగబడుతుంది. 1997లో బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టిన ఆ పద్ధతిలో ఏ మాటైనా సరే అనే నక్షత్రం గుర్తు పంపేవాళ్ల చేతిలో ఉంటుంది, /వాయిద్యం/*/శబ్దం అని ఒక్క మెసేజీ పంపితే అవతలి ప్రోగ్రాంలోని వాయిద్యాలన్నిటి శబ్దమూ ఒకేసారి తగ్గించవచ్చు. అక్కడ పంపేవాళ్లు ఆజ్ఞ ఇస్తున్నారు, మనకిక్కడ పంపేవాళ్లు వార్త చెబుతున్నారు. ఈ తేడా నాకు చాలా అందంగా అనిపిస్తుంది.

పేర్లను బ్రోకర్ అక్షరం అక్షరం పోల్చుతుంది, మన ఉద్దేశం దానికి అక్కర్లేదు. ఇంగ్లీషులో రాస్తే చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు. మొదట్లో స్లాష్ పెడితే దాని ముందు ఖాళీ లెవెల్ ఒకటి పుడుతుంది, అంటే /ఇల్లు, ఇల్లు రెండూ వేరు పేర్లు. తెలుగులో పేర్లు పెట్టడానికి అడ్డేమీ లేదు, అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఏ భాషైనా నడుస్తుంది, పేరు మొత్తం 65,535 బైట్లు దాటకపోతే చాలు. కానీ ట్యాంక్ లాగా పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనపడని అక్షరం చేరుస్తాయి. చూడ్డానికి రెండూ ఒకటే, బ్రోకర్‌కి మాత్రం వేరువేరు, మెసేజీ ఎందుకు రావట్లేదో తెలియక రాత్రంతా టెన్షన్ పడతారు. అందుకని మీకు అర్థం కావాలని ఇక్కడ తెలుగులో రాశాను గానీ ప్రాజెక్టులో మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాలు, అంకెలతోనే పేర్లు పెట్టుకోండి, మధ్యలో ఖాళీలు వద్దు.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ప్రయోగాల కోసం అందరికీ తెరిచి ఉంచిన బ్రోకర్లు ఇంటర్నెట్‌లో ఉంటాయి. అక్కడ ఎవరైనా # అని అడిగితే మీ ఇంటి సంగతులు కూడా వాళ్ల చేతికి పోతాయి, ఇంట్లో ఎవరూ లేని వేళ మోటారు ఆగి ఉందన్న సంగతితో సహా. నేర్చుకునేటప్పుడు ఉత్తుత్తి అంకెలు పంపండి. అసలు ట్యాంకుకి ఇంట్లోనే మస్కిటో అనే బ్రోకర్ ప్రోగ్రాం పెట్టుకుని, ఎవరు ఏ పేరు వినొచ్చో అందులో రాసి పెట్టండి. ఆ అనుమతులు కూడా ఇవే + # గుర్తులతో రాస్తారు కాబట్టి, పేర్లు పద్ధతిగా ఉంటే ఒక్క వరుసలో పని అయిపోతుంది.

పేర్ల పట్టిక తయారయ్యాక నాకు పంపండి, చూస్తాను.

మీ పెదనాన్న