కరెంటు కొనుగోలు టెండర్లు: అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో కాలువ పనుల టెండర్లు చూసినవారికి ‘ఇరవై శాతం లెస్’ (అంచనా విలువకన్నా ఇరవై శాతం తక్కువకు చేస్తానని బిడ్ వేయడం) అన్న మాట కొత్త కాదు. ప్రైవేటు విద్యుత్ ప్రాజెక్టుల బిడ్డింగ్ పత్రాలు తయారుచేసే నన్ను మా జిల్లావాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఆ అనుభవం నుంచే పుడతాయి.

అపోహ: అందరికన్నా తక్కువ రేటు వేసినవారి కరెంటే పాతికేళ్లూ చౌక.

వాస్తవం: కాలువ కాంట్రాక్టరు పని ముగించి, బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు, కరెంటు ఒప్పందంలో మాత్రం ఆ రేటుతో పాతికేళ్లు కాపురం చేయాలి. గుజరాత్‌లోని ముంద్రాలో 4,000 మెగావాట్ల ప్రాజెక్టును టాటా పవర్ 2006లో యూనిట్‌కు 2.26 రూపాయల లెవలైజ్డ్ ధరకు (పాతికేళ్ల ధరలను కలిపి ఒకే సగటుగా లెక్కకట్టింది) గెలుచుకుంది. అది ఇండోనేషియా బొగ్గుపై ఆధారపడిన లెక్క. ఆ దేశం 2010–11లో ఎగుమతి బొగ్గు ధరను అంతర్జాతీయ మార్కెట్‌కు ముడిపెట్టడంతో లెక్క తారుమారైంది. పరిహారం ఇవ్వాలని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్సీ) చెప్పినా, పరాయి దేశపు చట్టం మారడం, బొగ్గు ఖరీదెక్కడం ఒప్పందం నుంచి మినహాయింపునిచ్చే కారణాలు కావని 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత కూడా కొనుగోలుదారులైన ఐదు రాష్ట్రాలకు బేరసారాలు తప్పలేదు. కంపెనీని తన చేతిలో లేని నష్టభయాన్ని నెత్తికెత్తుకొని గెలవనిచ్చిన బిడ్డింగ్ పత్రానిదే, నా దృష్టిలో, పెద్ద తప్పు.

సోలార్‌కు బొగ్గు అక్కర్లేదు కనుక 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో ధర 2.44 రూపాయలకు దిగింది. అయితే మహబూబ్‌నగర్‌లో ఎండ ఎంత కాసినా, కరెంటు కొని ఇళ్లకు పంచే సంస్థ (డిస్కం) కట్టాల్సిన బిల్లులు నెలల తరబడి ఆగుతాయన్న అనుమానం ఉంటే బ్యాంకు వడ్డీ పెంచుతుంది. ఆ వడ్డీ చివరికి యూనిట్ రేటులోకే చేరుతుంది.

అపోహ: టెండరు పెడితే ఆలస్యం, కూర్చుని మాట్లాడుకుంటే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: పాకిస్తాన్ 1994లో బిడ్డింగ్ లేకుండా యూనిట్‌కు 6.5 అమెరికన్ సెంట్ల ధర ప్రకటించగానే కంపెనీలు బారులు తీరాయి. అవసరానికి మించి ప్లాంట్లు వచ్చాయి. ఆ దశాబ్దం ముగిసేలోపే ప్రభుత్వం వాటితోనే ధర కోసం తగవులాడింది. టెండరు లేకుండా కుదిరిన మన మహారాష్ట్రలోని దభోల్ విద్యుత్ ప్లాంటు ఒప్పందమూ 2001లో ప్లాంటు మూతపడేదాకా వెళ్లింది. మిగిలిందనుకున్న కాలం తగవుల్లో పోయింది.

అపోహ: బిడ్డింగ్‌లో వచ్చిన రేటును ఈఆర్సీ మళ్లీ ఖర్చుల లెక్క తీసి తగ్గిస్తుంది.

వాస్తవం: ఖర్చులు చూసి ధర కట్టడం 2003 విద్యుత్ చట్టం 62వ సెక్షన్ కింద జరిగే పని. బిడ్డింగ్ 63వ సెక్షన్ కిందికి వస్తుంది. అక్కడ ప్రక్రియ పారదర్శకంగా, కేంద్రం మార్గదర్శకాల ప్రకారం జరిగిందని తేలితే కమిషన్ ఆ ధరనే స్వీకరిస్తుంది.