బీపీ, షుగరు మాత్రలు: ఒడిశా సరిహద్దు తెలుగువారిలో అపోహలు - వాస్తవాలు

అపోహ: బీపీ, షుగరు మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు పోతాయి.

వాస్తవం: పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగువారిలో ఈ భయం బలంగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. పక్కనే శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఉద్దానం ప్రాంతంలో, కారణం నేటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బుతో తమవాళ్లను పోగొట్టుకున్నవారు మా దగ్గరకు తరచూ వస్తుంటారు. అయితే కిడ్నీలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసేది అదుపు తప్పిన బీపీ, షుగరే తప్ప వాటిని అదుపు చేసే మాత్రలు కావు. మూత్రంలో ప్రొటీన్ పోతున్న షుగరు రోగులకు టెల్మిసార్టాన్ వంటి బీపీ మందు కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తుంది కూడా. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌కు చెడ్డపేరు ఎలా వచ్చిందో ఊహించవచ్చు. కిడ్నీ పనితీరు బాగా పడిపోయి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత ఎంత బాగుందో చెప్పే అంకె) 30 కంటే తగ్గితే, ఒంట్లో పేరుకుపోతుందని డాక్టరు ఆ మాత్రను ఆపేస్తారు. ఆ మాత్ర వల్లే కిడ్నీ పాడైందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

విచిత్రమేమిటంటే, ఈ మాత్రలకు భయపడేవారే జీడితోటలో పొద్దంతా పనిచేసి వచ్చి, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఒళ్లునొప్పుల బిళ్ల కొని మింగుతారు. అందులో తరచుగా ఉండే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కిడ్నీకి రక్తప్రవాహాన్ని తగ్గిస్తాయి. చెమట రూపంలో నీరు పోయినవారికి, బీపీ మాత్రలు వాడేవారికి ఆ ముప్పు మరింత ఎక్కువ.

అపోహ: ఇక్కడొక డాక్టరుకు, శ్రీకాకుళంలో మరొకరికి చూపించుకుంటే రెండు విధాలా మేలే.

వాస్తవం: రెండో అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు, రెండు చీటీల మందులనూ కలిపి వేసుకోవడమే ప్రమాదం. షుగరును తగ్గించే ఒకే గ్లిమెపిరైడ్ మాత్ర రెండు కంపెనీల పేర్లతో ఒకే కవరులో కనబడడం మాకు కొత్తేమీ కాదు. రెండూ వేసుకున్న పెద్దవాళ్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే దాన్ని నీరసమని సరిపెట్టుకుంటారు. షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా చీటీలతో పాటు మాత్రల కవరు మొత్తం వెంట తెచ్చుకోండి.

అపోహ: హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) బాగుంటే షుగరు అదుపులో ఉన్నట్టే.

వాస్తవం: సాధారణంగా అంతే. కానీ ఈ పరీక్ష ఎర్రరక్తకణాలకు అంటుకున్న షుగరును కొలుస్తుంది, ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద ఆధారపడింది. రాయగడ, కోరాపుట్ వైపు కొన్ని కుటుంబాల్లో ఉన్న సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బులో ఆ కణాలు చాలా ముందే నశిస్తాయి గనుక అంకె తప్పుగా తక్కువ రావచ్చు. అలాంటివారు పరగడుపున, తిన్నాక చేసే పరీక్షలనే నమ్ముకోవాలి.

అపోహ: అన్నం మానేసి చోడి (రాగి) అంబలి తాగితే షుగరు పెరగదు.

వాస్తవం: చోళ్లలో పీచు, కాల్షియం బియ్యం కంటే ఎక్కువే. పిండిపదార్థం మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. మెత్తటి పిండితో కాచిన అంబలి త్వరగా అరుగుతుంది కూడా. పెద్ద చెంబు నిండా తాగి, నంజుకోవడానికి ఎండు చేప, ఆవకాయ పెట్టుకుంటే ఉప్పు రోజుకు 5 గ్రాముల హద్దు దాటుతుంది, దాంతో బీపీ కూడా పెరుగుతుంది.

అపోహ: తల తిరగడం లేదు, బీపీ లేనట్టే.

వాస్తవం: చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు, కొలిస్తేనే తెలుస్తుంది. అంతకు అరగంట ముందు నుంచి టీ, అడ్డచుట్ట, ఖైనీ మాని, 5 నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవాలి. సంత నుంచి నడిచి వచ్చిన వెంటనే చూసిన అంకెను బట్టి మందు మార్చమని అడగకండి.