చెంప మీద ఎర్ర గీతలు: అవి పగిలినవి కావు, సాగినవి

ముక్కు పక్కన, చెంపల మీద దారప్పోగుల్లా సన్నటి ఎర్ర గీతలు కనిపిస్తే "రక్తనాళాలు పగిలాయి" అనేస్తాం, కానీ అక్కడ ఏదీ పగల్లేదండి. కావాలంటే ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకుని గీత మీద మెల్లగా నొక్కి చూడండి, గీత మాయమైపోతుంది, వదలగానే ఎరుపు మళ్ళీ పాకుతూ వచ్చి నిండిపోతుంది. అదే రక్తం బయటికి కారి కమిలిన మచ్చైతే ఎంత నొక్కినా పోదు. ఇవి సాగిపోయి మళ్ళీ బిగుసుకోలేకపోతున్న నాళాలు, మందం ఒక మిల్లీమీటరు లోపే, డాక్టర్లు టెలాంజియెక్టేసియా అంటారు.

ఎండ, వయసు, వంశం, రోజేషియా (ముఖం ఎర్రబడే చర్మవ్యాధి) ఇలా కారణాలు చాలా ఉన్నాయి. నాకు ఎక్కువ బాధనిపించేది మాత్రం తెల్లబడాలని నెలల తరబడి ముఖానికి స్టెరాయిడ్ క్రీములు రాయడం, దాంతో చర్మం పల్చబడి నాళాలు బయటపడతాయి, వాటిని పోగొట్టడానికి మళ్ళీ ఇంకో క్రీము కొంటారు! పగిలిందంటే అతికించొచ్చు అనుకుంటాం కదా, ఇక్కడ అతికించేదేం లేదు, సాగిన నాళాన్ని మూసేయడమే చికిత్స, మూసేశాక దాన్ని శరీరమే మెల్లగా కరిగించేసుకుంటుంది.

ముఖానికి ఎక్కువగా లేజరే వాడతారు. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన లెక్క ఇది: ఏ రంగు కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుందో ఆ కాంతిని క్షణంలో చిన్న భాగం సేపు కొడితే నాళం మాత్రమే వేడెక్కి మూసుకుపోతుంది, చుట్టూ చర్మం కాలేలోపే వేడి ఆగిపోతుంది. 532 నానోమీటర్ల (కాంతి రంగును చెప్పే కొలత) కేటీపీ లేజర్, 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్ అలాంటివే. రెండోదాన్ని గట్టిగా కొడితే ఊదారంగు కమిలిన మచ్చలు వచ్చి వారం, రెండు వారాలు ఉండొచ్చు, పెళ్ళికో ఇంటర్వ్యూకో ముందు పెట్టుకోకండి.

అసలు చిక్కు చామనఛాయ, నల్లటి చర్మాలకే, ఎందుకంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా అదే కాంతిని లాగేసుకుంటుంది, నాళానికి వెళ్ళాల్సిన వేడి పైచర్మంలోనే ఆగి నల్లమచ్చలో తెల్లమచ్చలో మిగులుతాయి. అందుకే ఇలాంటి చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ వైపు మొగ్గుతారు, దాన్ని మెలనిన్ తక్కువ పీల్చుకుంటుంది, కానీ మోతాదు ఎక్కువైతే మచ్చ పడే ప్రమాదం దీనికీ ఉంది. నన్నడిగితే ముందు చిన్న చోట టెస్ట్ చేసి చూడమని అడగండి, ఎండకు కమిలిన చర్మం మీద మాత్రం అసలొద్దు. ఒకటీ అరా ఉంటే సన్నసూదితో కరెంటు పెట్టి మాడ్చేస్తారు కూడా.

కాళ్ళ కథ వేరు. అక్కడ నాళాల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి స్క్లెరోథెరపీ ముందుంటుంది, పాలిడోకనాల్ లాంటి మందు సన్నసూదితో ఎక్కిస్తే నాళం లోపలి పొర దెబ్బతిని గోడలు అతుక్కుపోతాయి. కింద రక్తం పంపే పెద్ద సిరను వదిలేసి పైగీతలు మాత్రమే మూస్తే మళ్ళీ వచ్చేస్తాయి, ఆ సిర సంగతేంటి అన్నది చాలామంది అడగని ప్రశ్న. గోధుమరంగు మరక కొన్ని నెలలు ఉండొచ్చు, గర్భంతో ఉంటే ఆగాలి.

మధ్యలో చుక్క, చుట్టూ సాలీడు కాళ్ళలా గీతలు ఒక్కసారిగా చాలా వస్తే లివర్ చూపించుకోవాలి, పెదాల మీద ఎర్రచుక్కలతో పాటు ముక్కు నుంచి తరచూ రక్తం కారితే వంశపారంపర్య జబ్బు కావచ్చు, లేజర్ సంగతి తర్వాత. అవేవీ లేకపోతే కొన్ని వారాల గ్యాప్‌తో రెండు మూడు సిట్టింగులు పడతాయనుకోండి, మూసిన గీత పోయినా ఆ చర్మం అదే కాబట్టి కొన్నేళ్ళకి పక్కన ఇంకోటి లేవొచ్చు, సన్‌స్క్రీన్ రాసుకుంటే కాస్త ఆలస్యంగా లేస్తుంది.