చేపల్లో బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

చేపల జబ్బులు చూసే ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి, ఆదివారం పూట కర్నూలులో తెలిసినవాళ్లంతా నాకే ఫోన్ చేస్తారు. అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: సుంకేసుల, గాజులదిన్నె డ్యామ్ చేప, అదీ కళ్లముందే కోయించుకుంటే, ఏ క్రిమీ ఉండదు.

తొట్టిలో ఎగిరిపడే కొరమీనుకైనా ఒంటి జిగటలో, మొప్పల్లో, పేగుల్లో బ్యాక్టీరియా ఉంటుంది. ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా నదులు, చెరువుల నీళ్లలో సహజంగానే ఉండేది, ఇక మురుగు కలిస్తే సాల్మొనెల్లా, ఈ-కొలై కూడా తోడవుతాయి. ఆరోగ్యంగా ఉన్న చేప కండలో మాత్రం దాదాపు ఏమీ ఉండవు. మరి ముక్కకి ఎట్లా అంటుకుంటాయంటారా? కోసేచోట కాసేపు నిలబడి చూడండి, పొట్ట చీరి పేగులు లాగేసిన మొద్దు మీదే, అదే కత్తితో ముక్కలు కొట్టి, పొద్దుటి నుంచి మార్చని బకెట్ నీళ్లలో ఒకసారి ముంచి కవర్లో వేస్తారు. ఇంటికెళ్లి మనం కూడా తక్కువేం కాదు, చేప కడిగిన సింకులోనే కొత్తిమీర కడుగుతాం.

అపోహ: ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టిస్తే క్రిములు చస్తాయి.

నీసు వాసన తగ్గుతుంది, అంతవరకే. వాటిని చంపేది వేడి. ముక్క మధ్యలో 63 డిగ్రీలు చేరాలి, ముల్లు దగ్గర కండ తెల్లబడి పొరలుగా విడిపోవాలి. సంగటిలోకి చేసే పులుసు ఎలాగూ కుతకుతా ఉడుకుతుంది కాబట్టి దాంతో పేచీ లేదు. నా టెన్షనల్లా వేపుడుతోనే, పెద్ద మంట మీద పైన ఎర్రగా వేగుతుంది గానీ లోపల ముల్లు పక్కన పచ్చిగానే ఉండిపోతుంది.

అపోహ: ఐస్‌లో పెడితే క్రిములు చస్తాయి.

చావవు, పెరగడం నెమ్మదిస్తుంది. ఏరోమోనాస్ అయితే ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరుగుతుంది. అందుకే కిలో చేపకి కిలో ఐస్ వేయాలంటాం, ఆ ఐస్ కూడా తాగే నీళ్లతో చేసింది కావాలి. మే నెల ఎండలో చేపల కవరు స్కూటర్‌కి తగిలించుకుని ఊరంతా తిరగడం కంటే, ఐస్‌లో సరిగ్గా పెట్టిన నిన్నటి చేప నయం.

అపోహ: చేప, పెరుగు కలిస్తే బొల్లి వస్తుంది.

రాదు.

అపోహ: తింటేనే జబ్బు.

కాదు, చేతికైన గాయం నుంచి కూడా సోకుతుంది, దీన్నే ఎవరూ పట్టించుకోరు. 1995-96 శీతాకాలంలో కెనడాలోని టొరంటోలో, తిలాపియా (మన జిలేబి చేపే) శుభ్రం చేస్తూ గాయమైనవాళ్లకి స్ట్రెప్టోకోకస్ ఇనియే అనే బ్యాక్టీరియా సోకి చేతులు వాచిపోయాయి. ఏరోమోనాస్ కూడా తెగిన చోటు నుంచి లోపలికి పోతుంది, షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి త్వరగా ముదురుతుంది. మైకోబ్యాక్టీరియం మారినం అనే ఇంకో బ్యాక్టీరియా ఇంకా తిప్పలు పెడుతుంది, ముల్లు గుచ్చుకున్న సంగతి మర్చిపోయిన కొన్ని వారాలకి వేలి మీద గడ్డ లేస్తుంది, మామూలు మందులకి లొంగదు. ముల్లు దిగితే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగండి. మర్నాటికి వాపు, ఎరుపు పెరుగుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఆయన అడక్కపోయినా, చేపలు కడిగామని మీరే చెప్పండి.