నందివర్ధనం మీది నీలికళ్ల పురుగు

నెల్లూరు,
కార్తీక మాసం

చిన్నీ, బుజ్జీ,

మొన్న మీరొచ్చినప్పుడు పెరట్లో నందివర్ధనం కొమ్మ మీద "తాతా, పాముపిల్ల!" అని కేకేశారు. నేను వచ్చేలోపే కర్రతో కొట్టేశారు. భయపడి కొట్టారు, మీ మీద నాకు కోపం లేదు. అదేమిటో మీకు ముందే చెప్పి ఉండాల్సిందని మాత్రం బాధగా ఉంది.

అది గన్నేరు మీదా, నందివర్ధనం మీదా పెరిగే రెక్కల పురుగుకు పిల్ల. శాస్త్రం పేరు డాఫ్నిస్ నేరియై. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పేరు పెట్టినప్పుడే అందులో గన్నేరు శాస్త్రం పేరు 'నేరియం'ను కలిపాడు.

మీరు చూసిన నీలికళ్లు కళ్లు కావు, మెడ దగ్గరి మచ్చలు. అసలు తల వాటికి ముందు చిన్నగా ఉంటుంది. పిట్ట వాలితే ఆ తలను లోపలికి ముడుచుకుంటుంది. మెడ ఉబ్బి మచ్చలు పెద్దవై, పిట్టకు కూడా పామే అనిపిస్తుంది. మీరు మోసపోవడంలో వింతేముంది! వెనకున్న కొమ్ము కుట్టదు. గొంగళిపురుగుకు మల్లే నూగు లేదు, దురదా పుట్టదు.

గన్నేరు ఆకులో గుండెను ఆపేసే విషముంది. మేక కూడా మూతి పెట్టదు. ఈ పురుగు అదే తిని మన వేలంత లావవుతుంది. మీరు మాత్రం ఆ ఆకు నోట్లో పెట్టకండి, తుంచితే చేతులు కడుక్కోండి.

దీన్ని వెతకాలంటే ముందు నేల చూడాలి. చెట్టు కింద మిరియాల్లాంటి పెంటికలుంటే, తల ఎత్తండి. ఆకుపచ్చలో ఆకుపచ్చగా అక్కడే ఉంటుంది.

నిన్న నేనలాగే ఇంకోదాన్ని పట్టుకున్నాను. రంగు మారి గోధుమవన్నెకు తిరిగింది. అంటే మేత మానేసి, చెట్టు దిగి, ఎండుటాకుల్లో పలచని గూడు అల్లుకుని అందులో ప్యూపాగా, అంటే రెక్కలొచ్చేదాకా తొడుగులో ఉండే రూపానికి, మారే వేళయిందన్నమాట. పాత కుండలో ఎండుటాకులు పోసి అందులో వదిలి, పైన దోమతెర గుడ్డ కట్టాను. చెట్టు కింద ఆకులు ఊడ్చొద్దని మీ అవ్వకూ చెప్పాను.

రెండు మూడు వారాల్లో బయటికొస్తుంది. రెక్కల మీద ముదురు లేత ఆకుపచ్చలు, మధ్య గులాబీ, తెలుపు చారలు. ఎగిరే ముందు కాసేపు రెక్కలు వణికించి ఒళ్లు వేడి చేసుకుంటుంది. తర్వాత పువ్వు మీద వాలకుండా గాల్లోనే నిలబడి, పొడుగాటి తొండంతో తేనె తాగుతుంది.

ప్యూపా కదలడం మొదలవగానే ఫోన్ చేస్తాను. అది వచ్చేది రాత్రిపూట, మీ అమ్మనడిగి మేలుకుని ఉండండి.

మీ
తాతయ్య