ఊహలో గెలవడం కాదు, ఊహలో తడబడటం

“యద్భావం తద్భవతి అంటారు కదా. ఆరు నెలలుగా రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని, లెక్కల్లో నూటికి నూరు వచ్చినట్టు ఊహించుకుంటున్నాను. ప్రశ్నపత్రం చేతికి రాగానే మళ్ళీ అదే దడ, అదే ‘నాకు లెక్కలు రావు’. లోపం నాలో ఉందా, ఊహలో ఉందా?” అని ఒక అమ్మాయి అడిగింది.

దీనికి రెండు తేలిక జవాబులున్నాయి. “నీ నమ్మకం చాల్లేదు, ఇంకా గట్టిగా ఊహించు” అనేది ఒకటి. ఇది తథాస్తు దేవతలకు కొత్త చొక్కా తొడిగి ‘విశ్వం’ అని పేరు మార్చడమే. ఫలితం వస్తే విశ్వం గొప్ప, రాకపోతే తప్పు నీది! ఎటు తిరిగినా ఓడిపోని సిద్ధాంతం కనుకే అది విజ్ఞానం కాదు. “ఊహలతో ఏమొస్తుంది, కూర్చుని చదువుకో” అనేది రెండోది. పెద్దవాళ్ళం ఎక్కువగా చెప్పేది ఇదే. ఇదీ తప్పే. ఊహ ఉత్తది కాదు, ఒంటికి తగులుతుంది.

ఎంతగా తగులుతుందంటే, కంటిపాపదాకా. వెలుగు చూస్తే కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. దాన్ని చిన్నదిగా చెయ్యమని మనం ఆజ్ఞాపించలేం. 2014లో ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూనో లేంగ్, ఉన్ని సులుత్వెట్ కొందరిని ఎండకాసే ఆకాశాన్ని, చీకటి గదిని మనసులో ఊహించుకోమన్నారు. ఎదురుగా వెలుతురులో ఏ మార్పూ లేదు. అయినా ఎండ తలచుకున్నప్పుడు పాపలు ముడుచుకున్నాయి, చీకటి తలచుకున్నప్పుడు విచ్చుకున్నాయి. అంతకు ముందే, 1992లో, గ్వాంగ్ యూ, కెల్లీ కోల్ చిటికెన వేలితో ఇంకా చిత్రమైన పని చేశారు. నాలుగు వారాలపాటు కొందరు ఆ వేలిని పక్కకు బలంగా నొక్కే వ్యాయామం చేశారు, కొందరు కదలకుండా కూర్చుని అలా నొక్కుతున్నట్టు ఊహించుకున్నారు. చేసినవారి బలం 30 శాతం పెరిగింది. ఊహించినవారిది 22 శాతం! ఏమీ చెయ్యనివారిలో నాలుగు శాతంలోపే. ఊహకి కండ పెరగదు, కండకు మెదడు పంపే ఆజ్ఞ పదునెక్కుతుంది.

అంటే ఊహకు చేవ ఉంది. మరి ఆ అమ్మాయి ఆరు నెలల సాధన ఏమైపోయింది?

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటి ఇక్కడ చెప్పాలి. 2018లో మరియన్ రెడ్డన్, టోర్ వేగర్, డానియేలా షిల్లర్ 68 మందితో చేశారు. ఒక శబ్దం వినిపించగానే చిన్నపాటి కరెంటు షాకు తగిలేలా చేస్తే, కాసేపటికి ఆ శబ్దం వినబడితేనే ఒళ్ళు ఉలిక్కిపడుతుంది, అరచేతిలో చెమ్మ చేరుతుంది. ఇప్పుడు వాళ్ళని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి ఆ శబ్దాన్నే షాకు లేకుండా మళ్ళీ మళ్ళీ వినిపించారు. రెండో గుంపుకి ఏమీ వినిపించలేదు, ఆ శబ్దాన్ని మనసులోనే వినమన్నారు. మూడో గుంపుని పక్షుల కిలకిలలు, వాన చప్పుడు ఊహించుకోమన్నారు. చివర్లో పరీక్షిస్తే మొదటి రెండు గుంపుల్లోనూ భయం దాదాపు సమానంగా తగ్గింది. పక్షుల గుంపులో తగ్గలేదు.

భయపెట్టినదాన్ని ఊహించి, దాని వెనక రావలసిన దెబ్బ రాకపోవడాన్ని అనుభవించినవారికి మేలు జరిగింది. హాయిగా ఉండేదాన్ని ఊహించినవారికి హాయిగా ఉంది, అంతే. నూటికి నూరు మార్కుల బొమ్మ ఈ అమ్మాయికి పక్షుల కిలకిల.

ఎందుకిలా? ‘నా వల్ల కాదు’ అన్నదాన్ని మనం అభిప్రాయం అనుకుంటాం. ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని ‘లిమిటింగ్ బిలీఫ్’ అంటున్నాం. అభిప్రాయమైతే వాదించి మార్చొచ్చు. మెదడు లెక్కలో మాత్రం అది అభిప్రాయం కాదు, అంచనా. వాతావరణ సూచన లాంటిది. ‘ప్రశ్నపత్రం కనబడింది, ఇక అవమానం వస్తుంది’ అని ముందే చెప్పేస్తుంది. అంచనాలు ఎలా మారతాయో రాబర్ట్ రెస్కోర్లా, అలన్ వాగ్నర్ 1972లో ఒక సూత్రంగా రాశారు. దాని సారం ఒక్క వాక్యం:

అంచనాలో మార్పు = నేర్చుకునే వేగం × (జరిగింది − అనుకున్నది)

కాసేపు లెక్క వేద్దాం, భయపడకండి. అవమానం 100 పాళ్ళు వస్తుందని అనుకున్నారు. నిజంగా కూర్చుని రాస్తే వచ్చింది 40 పాళ్ళే. తేడా −60. వేగం 0.2 అనుకుంటే మార్పు −12. అంచనా 88కి దిగింది. మళ్ళీ రాశారు, మళ్ళీ 40. తేడా −48, అంచనా 78.4. మూడోసారికి 70.7. ఎవరూ ధైర్యం చెప్పలేదు, ఎవరూ వాదించలేదు, అంచనా తప్పడమే దాన్ని దించింది.

ఇప్పుడు అదే సూత్రంలో ‘జరిగింది’ అన్నదాన్ని తీసెయ్యండి. లెక్కలంటే భయమున్నవారు చేసేది అదే కదా. పుస్తకం మూసేస్తారు, లెక్కలు లేని కోర్సు వెతుక్కుంటారు, బిల్లు పంచుకోవలసి వస్తే పక్కవారికి అందిస్తారు. ఏదీ జరగలేదు కనుక తేడా తీయడానికి వీల్లేదు. ఇరవయ్యేళ్ళయినా 100 అలాగే ఉంటుంది, ఒక్క పాలు కూడా తరగదు. దానికి తోడు పుస్తకం మూసిన మరుక్షణం కలిగే ఊరట ఉందే, అది మూయడం అనే పనికి దక్కిన బహుమతి. రేపు ఇంకా తొందరగా మూస్తారు. పాము కరిచినవాడు తాడుని చూసి కూడా పారిపోతాడు. పారిపోయినంతకాలం అది తాడని తెలిసే దారే లేదు.

ఇక మన అమ్మాయి ఊహ చూడండి. ఆమె బొమ్మలో మార్కుల కాగితం ఉంది, ప్రశ్నపత్రం లేదు. ప్రశ్నపత్రం లేనప్పుడు ఆ అంచనా నిద్ర లేవదు, నిద్రలేవనిది తప్పవ్వదు.

“అయితే పరీక్ష హాలునే ఊహించుకుని, అందులో చకచకా అన్ని లెక్కలూ చేసేస్తున్నట్టు చూస్తాను” అనొచ్చు. సూత్రం ప్రకారం ఇది ఇంకా మంచిది కావాలి. అనుకున్నది 100, వచ్చింది సున్నా, తేడా −100, ఒక్క దెబ్బకి 20 పాళ్ళు దిగాలి. దిగదు. ఎందుకంటే ఆ సూత్రానికి తెలియని ఒక ప్రశ్న మెదడు అడుగుతుంది: ‘ఇది అదే కథా, వేరే కథా?’

శామ్యూల్ గెర్ష్‌మన్, యాయెల్ నివ్, వారి సహచరులు 2013లో ఎలుకలతో చేసిన ప్రయోగం ఈ ప్రశ్నని బయటపెట్టింది. ఎలుకలన్నిటికీ శబ్దం వినగానే షాకు అని అలవాటు చేశారు. తర్వాత కొన్నిటికి షాకులు ఒక్కసారిగా ఆపేశారు. ఇంకొన్నిటికి మెల్లమెల్లగా తగ్గిస్తూ, అప్పుడొకటి అప్పుడొకటి ఇస్తూ, చివరికి ఆపారు. నిజానికి రెండో గుంపు ఎక్కువ షాకులు తింది. అయినా రోజులు గడిచాక పరీక్షిస్తే పాత భయం తిరగబెట్టింది మొదటి గుంపులోనే. ఒక్కసారిగా అంతా మారిపోతే ఎలుక ‘ఓహో, ఇదేదో కొత్త లోకం’ అనుకుని కొత్త ఖాతా తెరుస్తుందట. పాత ఖాతా చెక్కుచెదరదు. కొంచెం కొంచెంగా మారితే మాత్రం ‘అదే లోకం, మారుతోంది’ అని పాత ఖాతాలోనే దిద్దుతుంది.

మనుషులకీ ఇలాగే కావచ్చు. లెక్కలు చకచకా చేసేస్తున్న ఆ బొమ్మని చూడగానే లోపలి గుమాస్తా ‘ఇది నేను కాదులే’ అని వేరే ఖాతాలో రాసేస్తాడు. 2009లో జోఆన్ వుడ్ బృందం తమమీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవారితో ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదేపదే అనిపిస్తే వారి మనసు ఇంకాస్త కుంగింది. భయపడే పిల్లలకు బడిలో మరీ సులువైన లెక్క ఇచ్చి “శభాష్” అనడం కూడా ఈ కోవలోదే. పిల్లవాడు ‘ఇది తేలిక కాబట్టి వచ్చింది’ అని పక్కన పెట్టేస్తాడు. మెచ్చుకున్నామన్న తృప్తి మనకు మిగులుతుంది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నవాళ్ళు మనస్తత్వశాస్త్రం చదవలేదు కానీ, హీథర్ క్యాప్స్, గాబ్రియేల్ ఓటింగెన్ 2011లో అదే కొలిచి చూపించారు. కోరిక తీరిపోయినట్టు హాయిగా ఊహించుకున్నవారిలో రక్తపోటు పై సంఖ్య తగ్గింది, అంటే ఒంట్లో పనికి సిద్ధంగా ఉండాల్సిన ఊపు సడలింది. కొడుక్కి పేరు పెట్టేశాక ఇక పరుగెందుకు!

మరి ఏ బొమ్మ చూడాలి? నేనైతే ఇలా చెప్పాను. నీ కళ్ళలోంచే చూడు, సినిమాలో నిన్ను చూస్తున్నట్టు కాదు. కాగితం చేతికి వచ్చింది. మొదటి ప్రశ్న అర్థం కాలేదు. అరచెయ్యి చెమ్మగిల్లింది. ‘నాకు లెక్కలు రావు’ అన్న గొంతు వచ్చింది, రానీ. కలం రెండో ప్రశ్నమీదకు వెళ్ళింది. మూడు మెట్లు రాశావు, నాలుగో మెట్టులో గుర్తు తప్పు పడింది. కొట్టేశావు, పక్కన మళ్ళీ రాశావు. సగం వచ్చింది, సగం వదిలేశావు. గంట మోగింది, లేచి బయటికి వచ్చావు. ఎవరూ నవ్వలేదు.

బొమ్మ అక్కడిదాకా నడవాలి, మధ్యలో ఆపకూడదు. ఇది చాలా ముఖ్యం. ఆందోళనపడేవారికి విజువలైజేషన్ ఎవరూ నేర్పక్కర్లేదు, రోజంతా వాళ్ళు చేసేది అదే. కాకపోతే వాళ్ళ రీలు అత్యంత భయంకరమైన చోట తెగిపోతుంది. చెమటపట్టిన చెయ్యి, తెల్లకాగితం, కట్. ఆ తర్వాత ఏమైందన్నది ఎప్పుడూ చూడరు. అలా ఆగిపోయిన ప్రతిసారీ అంచనా నిజమైనట్టే లెక్క. తర్వాతి పది నిమిషాలు చూపించడమే ఇక్కడ చికిత్స. లెక్కల భయానికి ఇది ఒంటరిగా చేసుకోవచ్చు. నిజంగా జరిగిన ఘోరాల జ్ఞాపకాలైతే మాత్రం సొంతంగా కెలుక్కోకూడదు, వైద్యుల సమక్షంలో చెయ్యాల్సిన పని.

బొమ్మలే కనబడనివాళ్ళు ఉంటారు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1880లోనే వీళ్ళని గమనించాడు, 2015లో ఆడమ్ జెమన్ ‘అఫాంటాసియా’ అని పేరు పెట్టాడు. ఎండని తలచుకోమంటే వీళ్ళ కంటిపాపలు ముడుచుకోవని తర్వాత తేలింది. వీళ్ళు బొమ్మలతో కుస్తీ పట్టకుండా తిన్నగా చిన్న లెక్కతో మొదలుపెట్టడం మేలు.

నిజానికి అందరూ చివరికి అక్కడికే రావాలి. ‘నేను చెయ్యగలను’ అన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం చేసి చూసిన అనుభవమే అని ఆల్బర్ట్ బందూరా 1977లో చెప్పిన మాట ఇంకా నిలిచే ఉంది. ఊహ చేసేది, మూసిన పుస్తకాన్ని తెరిచేంతగా ఆ 100ని దించడం. 85కో 80కో దిగిన రోజున, ఊహ ముగించిన వెంటనే, సగం వచ్చే అవకాశమున్న ఒక లెక్క తీసుకోవాలి. మరీ సులువైనది వద్దు, గుమాస్తా ఒప్పుకోడు.

“రోజుకి ఎంతసేపు?” అని ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. 1994లో జేమ్స్ డ్రిస్కెల్ బృందం మానసిక సాధనమీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఇరవై నిమిషాలు దాటాక ప్రయోజనం తగ్గుతున్నట్టు కనబడింది. పది నిమిషాలు తడబడు, పది నిమిషాలు లెక్క చెయ్యి అన్నాను. ఆమె తర్వాతి ప్రశ్న: “రోజూ ఒకే చోట తడబడాలా, చోటు మార్చాలా?” మార్చాలి.