నాలుగు పెద్దది గద అక్కా!

దేవరకొండ వైపు ఒక సర్కారు బడి. చివరి పీరియడ్‌లో వేపచెట్టు కింద తొమ్మిదో తరగతి అమ్మాయి ఆరో తరగతి పిల్లవాడికి భిన్నాలు చెబుతోంది.

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతా?"

"నాలుగో వంతు. మూడు కంటె నాలుగు పెద్దది గద అక్కా!"

"హారం పెరిగితే భిన్నం తగ్గుతదిరా" అని సూత్రం అప్పజెప్పింది.

"ఎందుకు?"

అమ్మాయి ఆగిపోయింది. నోట్‌బుక్ వంక చూసింది, అందులో జవాబు లేదు. కాసేపటికి, "ఒక్కటే జొన్నరొట్టె ఉంది. ముగ్గురు పంచుకుంటున్నరు. ఇంకొకడొచ్చి కూసుంటే నీ ముక్క ఏమైతది?"

"తగ్గుతది!"

ఆ కాసేపట్లో ఎక్కువ నేర్చుకున్నది అక్కే అని నా నమ్మకం. పరీక్షకు చదివినప్పుడు సూత్రం గుర్తుంటే గడిచిపోతుంది. ఎదుటివాడికి చెప్పాలంటే తెలిసినదాన్ని బయటికి లాగాలి, వరుసలో పెట్టాలి, వాడికి తెలిసినదానితో ముడివేయాలి. ఎక్కడ డొల్ల ఉందో అప్పుడే బయటపడుతుంది.

తోటి పిల్లలతో చదువు చెప్పించడంపై జరిగిన 65 పరిశోధనలను 1982లో అమెరికాలో కోహెన్, కులిక్, కులిక్ అనే ముగ్గురు పరిశోధకులు కలిపి చూశారు. చెప్పిన పిల్లల మార్కులను కొలిచినవి అందులో 38. వాటిలో 33 చోట్ల, చెప్పినవాళ్లు చెప్పనివాళ్ల కంటే ముందున్నారు. లాభం ఓ మోస్తరే, కానీ పైసా ఖర్చు లేనిది.

అయితే చెప్పినంత మాత్రాన చాలదు. రాస్కో, చీ అనే పరిశోధకులు 2007లో తేల్చిందేమిటంటే, చెప్పే పిల్లలు చాలాసార్లు పుస్తకంలో ఉన్నదే వల్లిస్తారు. నేర్చుకునేవాళ్లు లోతైన ప్రశ్న వేస్తే మాత్రం కొత్తగా ఆలోచించే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆరో తరగతి వాడి "ఎందుకు" లేకుంటే ఆ రొట్టె వచ్చేదే కాదు.

ఇది మనకు కొత్త కాదు. తుంగభద్ర అవతల బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో అక్కడి తెలుగు, కన్నడ బడుల గురించి రాస్తూ, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. అలా చెబుతూ తమ చదువునూ గట్టిపరచుకుంటారని కూడా గమనించాడు.

మన బళ్లలో ఈ పని ఫస్టొచ్చే పిల్లలకే ఇస్తారు, అదీ సారు మీటింగుకు పోయినప్పుడు క్లాసు కాయడానికి. నన్నడిగితే లెక్కల్లో తడబడే తొమ్మిదో తరగతి పిల్లలకే ఇవ్వాలి. పాఠం ఒకరోజు ముందే చెప్పి, ఒక్కరికి ఒక్కరిని అప్పగించాలి. ఈ అమ్మాయీ లెక్కల్లో అంతంతమాత్రమే.

బెల్లు కొట్టాక ఆమె స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది. "సార్, భిన్నాల భాగహారంల రెండోదాన్ని తిరగేస్తం గద, ఎందుకు సార్? రేపు వాడు అడుగుతడు."